రౌతు కొద్దీ గుర్రం

2023 సెప్టెంబరు 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత గుర్రపుస్వారీ జట్టు డ్రెసేజ్ అనే అంశంలో బంగారు పతకం గెలిచింది. అనూష్ అగర్వాలా, హృదయ్ విపుల్ ఛెద్దా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా ఆ జట్టులోని నలుగురు. గుర్రపుస్వారీలో మన దేశానికి బంగారం రావడం 1982 ఢిల్లీ క్రీడల తర్వాత, అంటే 41 ఏళ్లకు, అదే మొదటిసారి. ఆ వార్త భీమవరం దాకా వచ్చింది, చదివినవాళ్లకు ఆనందమూ కలిగింది. కానీ వాళ్లు ఏం చేసి గెలిచారని అడిగితే జవాబు చెప్పడం కష్టం. టీవీ పెట్టుకుని చూసినా కష్టమే. కోటు తొడుక్కున్న మనిషి గుర్రం మీద నిటారుగా కూర్చుని ఉంటాడు. గుర్రం ఇసుక పరిచిన మైదానంలో నడుస్తుంది, చిన్నగా పరుగెడుతుంది, కాసేపు ఏటవాలుగా జరుగుతుంది, మధ్యలో ఆగుతుంది. రౌతు తల వంచి నమస్కరిస్తాడు. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోతుంది. దూకిన గోడ లేదు, దాటిన గీత లేదు, ఓడి పడిపోయినవాడు లేడు. కబడ్డీ కోర్టులోనైనా, సంక్రాంతి బరిలోనైనా గెలుపెవరిదో కళ్ల ముందే తేలిపోయే పోటీలకు అలవాటుపడిన మనకు, ఇక్కడ తెర మీద కనపడేది 209.205 అన్న అంకె ఒక్కటే. ఇది ఆట ఎలా అయిందన్న సందేహం న్యాయమైనదే.

ఆ సందేహానికి జవాబు ఆట స్వభావంలోనే ఉంది. మిగతా ఆటల్లో ఆటగాడు పడే కష్టం మనకు కనపడుతుంది, దాన్ని చూసే మనం ఉద్వేగపడతాం. డ్రెసేజ్‌లో కష్టం కనపడిందంటే మార్కు తగ్గిందనే అర్థం. రౌతు ఏం అడిగాడో గుర్రానికి తెలియాలి, చూసేవాడికి తెలియకూడదు. నోటితో అదిలించకూడదు, నాలుకతో చప్పుడు చేసినా మార్కు పోతుంది. అంతర్జాతీయ పోటీల్లో చేతిలో కొరడా ఉండటానికి వీల్లేదు. ఇక రౌతుకు మిగిలేవి మూడే: జీను మీద ఒంటి బరువును సర్దుకోవడం, పిక్కలతో గుర్రం పక్కలను ఒత్తడం, వేళ్లతో కళ్లెం పగ్గాలను పట్టడం, వదలడం. వీటితోనే ఐదారు వందల కిలోల జంతువు చేత గాలిలో కాలు మార్పించాలి, ఉన్నచోటనే అడుగులు వేయించాలి. కాబట్టి మొదటిసారి చూసేవారికి ‘ఏమీ జరగడం లేదు’ అనిపిస్తే తప్పు వాళ్లది కాదు. అలా అనిపించడమే రౌతు లక్ష్యం. అయితే ఏమీ జరగనట్టు కనపడటానికి, నిజంగా ఏమీ జరగకపోవడానికి చాలా తేడా ఉంది. ఆ తేడాను నియమాల పుస్తకం చదవకుండానే పట్టుకోవచ్చు. రౌతు మీద నుంచి చూపు తీసి గుర్రం మీద పెడితే చాలు. ఈ చూపు మన ఆనందం కోసమే కాదు, ఆ గుర్రం క్షేమానికీ అవసరమని నా వాదన.

ముందు మైదానం సంగతి. అంతర్జాతీయ పోటీల్లో అది 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. చుట్టూ ఇంగ్లిషు అక్షరాల పలకలు నిలబెట్టి ఉంటాయి. అవి ఎబిసిడి వరసలో ఉండవు, వాటిని చూసి తికమకపడనక్కర్లేదు. ఏ అక్షరం దగ్గర ఏం చేయాలో ముందుగానే అచ్చేసిన పాఠం ఉంటుంది, దాన్నే టెస్ట్ అంటారు. సంగీతంతో చేసే ఫ్రీస్టైల్ పోటీ తప్ప మిగతావాటిలో అందరికీ ఒకటే టెస్ట్. కొత్త ప్రేక్షకుడికి ఇది పెద్ద వెసులుబాటు. రెండు మూడు గుర్రాలు వచ్చి వెళ్లేసరికి తర్వాత ఏం రాబోతోందో మనకే తెలిసిపోతుంది, ఇక ఒకదానితో ఒకటి పోల్చి చూడటమే తరువాయి. మైదానం చుట్టూ సాధారణంగా ఐదుగురు, ఒలింపిక్స్‌లో ఏడుగురు న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. ప్రతి కదలికకూ సున్నా నుంచి పది దాకా మార్కు వేస్తారు. పది అంటే అద్భుతం, ఐదు అంటే గట్టెక్కింది, సున్నా అంటే అసలు చేయనే లేదు. అర మార్కులూ ఉంటాయి. కొన్ని కదలికలకు వచ్చిన మార్కును రెండింతలు చేస్తారు. అన్నీ కలిపి శాతంగా చెబుతారు. 70 శాతం దాటితే ఉన్నత స్థాయి, 80 దాటితే ప్రపంచ స్థాయి. ఇంతవరకూ ఫ్రీస్టైల్‌లో ప్రపంచ రికార్డు 94.3 శాతం. 2014 డిసెంబరులో లండన్‌లో బ్రిటన్ రౌతు షార్లట్ డుజార్డిన్, వలెగ్రో అనే గుర్రం మీద సాధించింది. ఆమె పేరు గుర్తుంచుకోండి, ఈ కథలో మళ్లీ వస్తుంది.

గుర్రంలో మొట్టమొదట చూడవలసింది లయ. గుర్రానికి పోటీలో మూడు నడకలుంటాయి. వాక్ అంటే మామూలు నడక. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి, నాలుగు దెబ్బలు వినపడతాయి. ట్రాట్ అంటే ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒక జంటగా, మిగతా రెండూ ఇంకో జంటగా పడే నడక. ఇందులో రెండే దెబ్బలు, జంటకూ జంటకూ మధ్య గుర్రం ఒక్క క్షణం గాలిలో ఉంటుంది. క్యాంటర్ అంటే చిన్న దౌడు. మూడు దెబ్బలు, ఆపైన ఒక క్షణం నిశ్శబ్దం. వేలితో మోకాలి మీద తట్టుకుంటూ చూస్తే చాలు, మంచి గుర్రానికి తాళం తప్పదు. మూల తిరుగుతున్నా, ఏటవాలుగా జరుగుతున్నా, అడుగు సాగదీసినా, కుదించినా తాళం అదే ఉండాలి. సాగదీయమంటే వేగం పెంచేసే గుర్రం, కుదించమంటే అడుగులు మందగించే గుర్రం మార్కులు పోగొట్టుకుంటాయి. సంగీతం వినే అలవాటున్న తెలుగువాళ్లకు ఇది ఇట్టే అందుతుంది. కాలప్రమాణం నిలవని పాట ఎంత గొప్ప గొంతుతో పాడినా మనకు ఎందుకు మింగుడుపడదో, న్యాయనిర్ణేత దగ్గర ఆరు మార్కుల ట్రాట్‌కు ఎనిమిది రాకపోవడమూ అందుకే.

లయ తర్వాత చూడవలసింది వెనక కాళ్లు. కొత్తవాళ్ల కళ్లన్నీ ముందు కాళ్ల మీదే ఉంటాయి, అవి ఎత్తుగా లేచి చూడముచ్చటగా ఉంటాయి కాబట్టి. కానీ యంత్రం ఉన్నది వెనక. మామూలుగా నిలబడ్డ గుర్రం తన బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే మోస్తుంది. పైన రౌతు ఎక్కితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. అలా ఏళ్ల తరబడి నడిస్తే ముందు కాళ్లు దెబ్బతింటాయి. శిక్షణ అంతా ఈ బరువును కొంచెం కొంచెంగా వెనక్కి మళ్లించడానికే. వెనక కాళ్లు కడుపు కిందికి బాగా చొచ్చుకువచ్చి, కీళ్లు వంచి, బరువెత్తుకోవాలి. అప్పుడు గుర్రం పిరుదులు కాస్త దిగుతాయి, భుజాలు పైకి లేస్తాయి, గుర్రం ఎత్తు ఎక్కుతున్నట్టు కనపడుతుంది. ఒకే చోట ట్రాట్ అడుగులు వేసే పియాఫ్ అనే కదలికలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అన్నిటికన్నా పైదైన గ్రాండ్ ప్రీ స్థాయిలో పన్నెండు నుంచి పదిహేను అడుగులు అలా వేయాలి. ముందు కాళ్లు ఎగరేస్తూ వెనక కాళ్లు ఈడ్చే గుర్రాన్ని చూసి జనం చప్పట్లు కొట్టవచ్చు, తెలిసిన కన్ను మాత్రం మెచ్చదు. ఇందుకు ఏళ్లు పడుతుంది. ఏడేళ్లు నిండని గుర్రాన్ని ప్రీ సెయింట్ జార్జ్ స్థాయి అంతర్జాతీయ పోటీకి, ఎనిమిదేళ్లు నిండనిదాన్ని గ్రాండ్ ప్రీకి అనుమతించకపోవడానికి కారణం అదే.

మూడోది నోరు. కళ్లెం గుర్రం నోట్లో ఉంటుంది, పగ్గం రౌతు చేతిలో ఉంటుంది, ఆ రెండిటి మధ్య ఉన్న సంబంధమే ఈ కళకు ప్రాణం. డెల్టాలో దమ్ము మడిలో దున్నలను తోలిన పాతతరం రైతులకు దీన్ని వివరించనక్కర్లేదు. చేయి తిరిగిన కమతగాడు పగ్గాన్ని పూర్తిగా వదిలేయడు, బిగించి లాగడు. చాలు చివర తిరగవలసి వచ్చినప్పుడు వేలి కదలిక చాలు, దున్న తిరుగుతుంది. ముల్లుగర్ర చంకలోనే ఉంటుంది. డ్రెసేజ్‌లో కోరేదీ ఆ పట్టే. పగ్గం సన్నగా బిగువుగా ఉండాలి, కానీ గుర్రం నోరు తెరుచుకుని ఉండకూడదు, నాలుక బయటికి వేలాడకూడదు. పెదవుల దగ్గర కొంచెం తెల్లటి నురగ ఉంటే మంచిదే, అది దవడ బిగుసుకుపోలేదనడానికి గుర్తు. తల ఎక్కడుందో కూడా చూడండి. గుర్రం నుదుటి నుంచి ముక్కు దాకా ఒక గీత ఊహించుకుంటే, అది నిట్టనిలువుకు కాస్త ముందుగా ఉండాలని, చెవుల వెనక భాగం మెడలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలని అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య నియమమే చెబుతోంది. గడ్డం ఛాతీకి అంటుకుపోయేలా తల లోపలికి లాగేసి ఉంటే అది వినయం కాదు, బలవంతం. తోక ప్రశాంతంగా ఊగుతోందా, కొరడాలా కొట్టుకుంటోందా? చెవులు రౌతు వైపు మెల్లగా తిరుగుతున్నాయా, వెనక్కి అణిగిపోయాయా? నల్లగుడ్డు చుట్టూ తెలుపు కనపడుతోందా? ఇవేవీ చదువుకోవలసిన విషయాలు కావు. పశువులతో బతికిన మన జిల్లాలో చాలామందికి పుట్టుకతో వచ్చిన చూపు.

ఊరేగింపుల్లో డప్పులకు గెంతే గుర్రాన్ని చూసినవారు డ్రెసేజ్‌ను కూడా ‘గుర్రం డాన్స్’ అనుకునే ప్రమాదముంది. రెండూ ఒకటి కావు. ఊరేగింపు గుర్రం శబ్దానికీ, దెబ్బకీ, కళ్లెం లాగుడుకీ బెదిరి గెంతుతుంది. ఆ గెంతులో తాళం డప్పుది, భయం గుర్రానిది. డ్రెసేజ్ కదలికలన్నీ గుర్రం పచ్చికలో తనంతట తాను చేసేవే. మగగుర్రం ఆడగుర్రం ముందు మెడ వంచి, అడుగులు ఎత్తెత్తి వేస్తుంది, దాన్నే మెరుగుపరిస్తే పాసాజ్. పరుగెడుతూ దిశ మార్చుకునేటప్పుడు గాలిలో ముందుకాలు మార్చుకుంటుంది, దాన్నే అడిగినప్పుడు చేయిస్తే ఫ్లయింగ్ చేంజ్. హాంగ్‌జౌలో జట్టు పోటీ జరిగిన ప్రీ సెయింట్ జార్జ్ స్థాయిలో నాలుగు అంగలకొకసారి, మూడు అంగలకొకసారి ఇలా కాలు మార్పించాలి. గ్రాండ్ ప్రీకి వెళితే ప్రతి అంగకూ ఒకటి చొప్పున వరసగా పదిహేనుసార్లు. కదలిక గుర్రానిదే. అడిగిన చోట, అడిగినన్నిసార్లు, బెదరకుండా చేయడం శిక్షణ.

ఇంత ఆర్భాటమైన కదలికల మధ్య కొత్తవాళ్లు ఫోను చూసుకునే సమయం ఒకటుంది, గుర్రం మామూలు నడక నడిచే కొద్ది సెకన్లు. నన్నడిగితే అప్పుడే కళ్లు విప్పుకుని చూడాలి. గ్రాండ్ ప్రీలో ఆ నడకకు మార్కులు రెండింతలు. ఒంట్లో కండలన్నీ ఉడుకెత్తి ఉన్న గుర్రాన్ని ఒక్కసారిగా పగ్గం వదిలి, మెడ ముందుకు చాచి, తీరికగా నడవమనడం చాలా కష్టం. మనసు కుదుటపడని గుర్రం అక్కడే దొరికిపోతుంది. గునగునా చిన్న పరుగు తీస్తుంది, నాలుగు దెబ్బలు కలిసిపోతాయి. టెస్ట్ మొదటా చివరా నమస్కారం కోసం ఆగడమూ అంతే. నాలుగు కాళ్లూ చదరానికి నాలుగు మూలల్లా పడాలి, ఊపిరి తప్ప ఏమీ కదలకూడదు. గొప్పగా ఎగిరే గుర్రాలు కూడా నిలబడలేక మార్కులు పోగొట్టుకుంటాయి.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. మొదటిది: ఎవరో కూర్చుని వేసే మార్కుల మీద నమ్మకమేమిటి? చరిత్ర చూస్తే ఈ అనుమానానికి ఆధారముంది. 1956 ఒలింపిక్ గుర్రపుస్వారీ పోటీలు స్టాక్‌హోంలో జరిగినప్పుడు జర్మన్, స్వీడిష్ న్యాయనిర్ణేతలు తమ తమ దేశాల రౌతులకే పెద్దపీట వేసి, ఆ తర్వాత సస్పెండయ్యారు. అప్పటి నుంచి జరిగిన మార్పులు చాలానే ఉన్నాయి. ఎక్కువమంది న్యాయనిర్ణేతలు, వేర్వేరు దేశాలవారు, మైదానానికి వేర్వేరు వైపుల కూర్చోవడం, ఎవరు ఎంత వేశారో బహిరంగంగా చూపడం. ఒకే కదలికకు ఇద్దరు వేర్వేరు మార్కులు వేస్తే అది పక్షపాతమే కానక్కర్లేదు. ఎదురుగా కూర్చున్నవారికి గుర్రం వంకర పోవడం కనపడుతుంది, పక్కన కూర్చున్నవారికి అడుగు పొడవు కనపడుతుంది. హాంగ్‌జౌ అంకెలు చూడండి. అనూష్‌కు 71.088, హృదయ్‌కు 69.941, దివ్యకృతికి 68.176, సుదీప్తికి 66.706. మెరుగైన మూడు కలిపితే 209.205. రెండో స్థానంలో నిలిచిన చైనాకు 204.882, మూడో స్థానంలోని హాంకాంగ్‌కు 204.852. రజతానికీ కాంస్యానికీ తేడా 0.03 మాత్రమే కాబట్టి అక్కడ ఎవరైనా వాదనకు దిగవచ్చు. కానీ భారత్‌కూ చైనాకూ మధ్య నాలుగు పాయింట్ల పైన తేడా ఉంది. అది ఒక న్యాయనిర్ణేత మొగ్గు వల్ల వచ్చేది కాదు. వేడుక మధ్య ఒక మాట మరవకూడదు: ప్రీ సెయింట్ జార్జ్ గ్రాండ్ ప్రీకి కింది మెట్టు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో వెర్సాయి మైదానంలో గ్రాండ్ ప్రీ చేసిన అనూష్‌కు 66.444 వచ్చింది, పతకాల దగ్గరికి చేరలేదు. అయినా ఒలింపిక్ డ్రెసేజ్‌లో భారతదేశం తరఫున బరిలోకి దిగిన మొదటి రౌతు అతనే.

రెండో అభ్యంతరం: చేసేదంతా గుర్రమే కదా, మనిషి గొప్పేముంది? దీనికి మన సామెతే సగం జవాబు, రౌతు కొద్దీ గుర్రం. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందనీ మనవాళ్లన్నారు. ఈ రెండోదాన్ని సాధారణంగా గట్టిగా అదుపు చేయాలనే అర్థంలో వాడతాం. డ్రెసేజ్ న్యాయనిర్ణేతకు అది కళ్లెదుట జరిగే విషయం. రౌతు నడుము ఢీలాపడితే, బరువు ఒక పక్కకు ఒరిగితే, గుర్రం అడుగుల్లో కుంటు కనపడుతుంది. అయితే గట్టితనమంటే కండబలం కాదనడానికి డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్ సాక్ష్యం. 1944లో పోలియో సోకి ఆమెకు మోకాళ్ల కింద చచ్చుబడిపోయింది. గుర్రమెక్కాలన్నా దిగాలన్నా ఒకరు పట్టుకోవాలి. పిక్కలతో గుర్రాన్ని ఒత్తడమన్నది ఆమెకు లేనే లేదు. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, 1956లో మళ్లీ, మగవాళ్లతో పోటీపడి రజతం గెలిచింది. నడుముతో, బరువుతో, వేళ్లతోనే జూబిలీ అనే తన గుర్రంతో మాట్లాడింది. 1948 దాకా సైనికాధికారులకే పరిమితమైన పోటీ ఇది. ఆ ఏడాది స్వీడన్ జట్టులో ఒక రౌతుకు అధికారి హోదా లేదని తేలి, గెలిచిన బంగారాన్నే వెనక్కి తీసుకున్నారు. అలాంటి కోటలోకి 1952లో మహిళలు అడుగుపెట్టిన వెంటనే హార్టెల్ పతకం అందుకుంది. ఇప్పటికీ ఆడా మగా ఒకే పట్టికలో పోటీపడే ఒలింపిక్ క్రీడ గుర్రపుస్వారీ. జపాన్‌కు చెందిన హిరోషి హొకెట్సు 2012 లండన్‌లో 71 ఏళ్ల వయసులో డ్రెసేజ్ చేశాడు. జర్మనీకి చెందిన ఇసాబెల్ వెర్త్ 55 ఏళ్ల వయసులో పారిస్‌లో తన ఎనిమిదో ఒలింపిక్ బంగారం గెలిచింది. కండలతో గెలిచే ఆటలో ఇవి జరగవు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మూడోది. ఇంతటి విధేయత హింస లేకుండా వస్తుందా? దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. 94.3 శాతం రికార్డు సాధించిన షార్లట్ డుజార్డిన్ 2024 జులైలో, పారిస్ ఒలింపిక్స్ మొదలవబోతుండగా, పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. శిక్షణలో ఒక గుర్రం కాళ్ల మీద కొరడాతో పదేపదే కొడుతున్న పాత వీడియో బయటపడింది. అంతర్జాతీయ సమాఖ్య ఆమెను ఏడాదిపాటు నిషేధించి, పది వేల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. ఆరు ఒలింపిక్ పతకాలున్న మనిషి ఆమె. గుర్రం తలను బలవంతంగా ఛాతీకి లాగిపట్టే రోల్‌కర్ పద్ధతిని సమాఖ్య 2010లో తోసిపుచ్చింది, అయినా ఆ ఛాయలు పోటీల ముందు జరిగే సన్నాహాల్లో కనపడుతున్నాయన్న విమర్శ ఆగలేదు. గుర్రం నోటి దగ్గర గానీ, రౌతు మడమకు ఉండే స్పర్ అనే ముల్లు తగిలే చోట గానీ రక్తం కనపడితే పోటీ నుంచి తప్పిస్తారు. మంచి నియమమే, కానీ రక్తం రాని బాధలు చాలా ఉంటాయి. ఇవన్నీ ఒప్పుకుంటూనే అంటున్నాను, ఈ కారణాలతో ఆటను చూడటం మానేస్తే గుర్రానికి ఒరిగేదేమీ లేదు. నియమాలు రాసేది సమాఖ్య అయినా వాటిని అమలు చేయించేది చూసే జనం. ముందు కాళ్లు ఎంత ఎత్తు లేస్తే అంత గొప్ప అనుకునే ప్రేక్షకులున్నంత కాలం, తోక కొట్టుకుంటున్నా నోరు తెరుచుకున్నా అలాంటి గుర్రాలే తయారవుతాయి, మార్కులూ అటే మొగ్గుతాయి. ప్రశాంతంగా నడిచిన గుర్రానికి చప్పట్లు, నలిగిపోయిన గుర్రానికి మౌనం దక్కే చోట రౌతుల పద్ధతులూ, న్యాయనిర్ణేతల కలాలూ మారతాయి.

చివరి అభ్యంతరం డబ్బు. ఇది కోటీశ్వరుల ఆట అన్నమాట చాలావరకు నిజం. అనూష్ పదిహేడేళ్ల వయసులోనే జర్మనీ వెళ్లి అక్కడే శిక్షణ పొందాడు, పతకాలు తెచ్చిన గుర్రాలు యూరప్‌లోనే పెరిగాయి. దీనికి సంపద ఒక్కటే కారణం కాదు. గుర్రాల వ్యాధుల విషయంలో అంతర్జాతీయ షరతులను అందుకోలేక మన దేశం నుంచి గుర్రాన్ని విదేశీ పోటీకి పంపి వెనక్కి తెచ్చుకోవడం ఏళ్ల తరబడి కుదరలేదు. 2025 జులైలో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ మీరట్ కంటోన్మెంటులోని సైనిక పశువైద్య కేంద్రాన్ని వ్యాధిరహిత గుర్రాల ప్రాంగణంగా గుర్తించింది. ఇది నిలబడితే మన గడ్డ మీద పెరిగిన గుర్రాలు బయట పోటీపడే దారి తెరుచుకుంటుంది. డబ్బున్నవారిదే అనుకునే ఈ విద్య ప్రభుత్వ ఉద్యోగంలోనూ ఉంది. హైదరాబాద్ శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్‌లకు గుర్రపుస్వారీ శిక్షణలో భాగం. ఆ నగర పోలీసులకూ గుర్రాలున్నాయి. అఖిల భారత పోలీసు గుర్రపుస్వారీ పోటీల్లో డ్రెసేజ్ కూడా ఒక అంశం. వేలమంది జనంలో బెదరకుండా నిలబడే పోలీసు గుర్రానికీ, మైదానంలో కదలకుండా ఆగే పోటీ గుర్రానికీ పునాది పాఠం ఒకటే. డ్రెసేజ్, క్రాస్‌కంట్రీ, జంపింగ్ మూడూ కలిసిన ఈవెంటింగ్‌లో కూడా మొదటి పరీక్ష డ్రెసేజే. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జా డ్రెసేజ్ ముగిసేసరికి తొమ్మిదో స్థానంలో ఉండి, చివరికి 23వ స్థానంలో నిలిచాడు.

తెలుగువారికి గుర్రం నడకను పరిశీలించే విద్య కొత్తదేమీ కాదు. అమరకోశం వల్లె వేసిన తరాలకు ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అనే ఐదు నడకలు నోటికి వచ్చు. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యకావ్యమే రాశాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, దూరదేశాల నుంచి మంచి గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్లూ ఇళ్లూ ఇచ్చి దగ్గర చేసుకోవాలని రాజుకు చెప్పాడు. గోదావరి డెల్టాలో పడవకూ ఎద్దుకూ ఉన్న చోటు గుర్రానికి ఎన్నడూ లేదు, నిజమే. కానీ జంతువు ఒంటిని చూసి దాని మనసు చెప్పగలిగే కన్ను ఇక్కడ ఉంది. డ్రెసేజ్ చూడటానికి అంతకన్నా పెద్ద అర్హత అక్కర్లేదు.

ఐచి–నగోయా ఆసియా క్రీడలు 2026 సెప్టెంబరు 19న మొదలవుతాయి. డ్రెసేజ్ ప్రసారమయ్యే రోజున మొదటి గుర్రం వచ్చినప్పుడు రౌతును చూడకండి, స్కోరూ చూడకండి. వేలితో తాళం వేస్తూ వెనక కాళ్లు చూడండి. రెండో గుర్రానికి నోరు, తోక, చెవులు చూడండి. మూడో గుర్రానికి ఒక కాగితం తీసుకుని, ప్రతి కదలికకూ పదికి ఎంతో మీరే వేసి, తర్వాత న్యాయనిర్ణేతలు వేసినదానితో సరిచూసుకోండి.